స్లాట్ మిషన్‌ను మోసం చేసి దొరికితే? తరచుగా అడిగే ప్రశ్నలు

గోవా వెళ్ళొచ్చినవాళ్ళు, అమెరికాలో ఎంఎస్ చేస్తూ లాంగ్ వీకెండ్‌కి వేగస్ వెళ్ళిన పిల్లలు, ఫోన్‌లో ‘గెలిపించే యాప్’ ప్రకటన చూసి ఆగిపోయినవాళ్ళు. స్లాట్ మిషన్ అంటే డబ్బు వేసి బటన్ నొక్కితే బొమ్మల చక్రాలు తిరిగి, సరైన బొమ్మలు వరసగా వస్తే డబ్బిచ్చే జూదం మిషన్. వీళ్ళందరూ చుట్టూ తిరిగి చివరికి దాని గురించి అడిగేది ఒకటే: “ఆ మిషన్‌ని బోల్తా కొట్టించడం కుదరదా?” కొందరికి కుదిరింది. కుదిరాక వాళ్ళకేమైందన్నదే ఈ పేజీ. ఎలా చేయాలో ఇక్కడ దొరకదు. కింద చెప్పిన పాత పద్ధతులకు లొంగే మిషన్లు కూడా ఇప్పుడు దాదాపు లేవు.

ఎక్కువ సంగతులు అమెరికాలోని నెవాడా రాష్ట్రానివి, వేగస్ ఉన్నది అక్కడే. జూదాన్ని 1931లోనే చట్టబద్ధం చేసిన రాష్ట్రం కాబట్టి మోసాలూ అక్కడే ఎక్కువ, వాటిని పట్టుకునే చట్టాలూ అక్కడే ముదిరాయి. మన సంగతి, అంటే గోవా, ఆంధ్ర, తెలంగాణ గురించి చివర్లో ఉంది.

అసలు ఆ మిషన్ లోపల ఏముంటుంది?

1890లలో శాన్ ఫ్రాన్సిస్కోలో చార్లెస్ ఫే అనే మెకానిక్ ‘లిబర్టీ బెల్’ అనే మిషన్ చేశాడు. మూడు చక్రాలు, స్ప్రింగులు, పక్కన ఒక పిడి. పిడి లాగితే చక్రాలు తిరిగి ఆగేవి. అది గడియారంలాంటి యంత్రం. చెయ్యి తిరిగినవాడు ఎక్కడో ఒకచోట దాన్ని తికమక పెట్టగలడు.

ఇప్పటి మిషన్ కంప్యూటర్. లోపలి చిప్ ఎవరూ ఆడకపోయినా సెకనుకు బోలెడు అంకెలు పుట్టిస్తూనే ఉంటుంది. మీరు బటన్ నొక్కిన క్షణంలో ఏ అంకె ఉంటే అదే ఫలితం. తర్వాత చక్రాలు గిర్రున తిరగడం, ఆ సంగీతం, ఆ లైట్లు, అంతా జరిగిపోయిన పెళ్ళికి బాజాలే. 1984లో ఇంగే టెల్నేస్ అనే ఇంజినీరుకు వచ్చిన పేటెంట్ దీన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. పైకి కనిపించే చక్రం మీద ఇరవై బొమ్మలున్నా, లోపలి లెక్కలో జాక్‌పాట్ బొమ్మకు మిగతావాటికంటే చాలా తక్కువ వాటా ఇవ్వొచ్చు. “ఒక్క గడి కిందకి దిగుంటే కొట్టేసేవాణ్ణి” అని మనం నాలుక కరుచుకుంటాం చూడండి, ఆ ఒక్క గడి దూరం కంటికి మాత్రమే.

అయితే మిషన్ తిరిగిచ్చేది ఎంత?

నెవాడా నిబంధన ప్రకారం ఆడినదానిలో కనీసం 75 శాతం తిరిగివ్వాలి. న్యూజెర్సీలో 83. చాలా మిషన్లు ఇంకా ఎక్కువే ఇస్తాయి. అయితే ఇది లక్షల ఆటల మీద లెక్క, మీ సాయంత్రం మీద కాదు. 90 శాతం ఇచ్చే మిషన్ మీద ఆటకు ఒక డాలర్ చొప్పున గంటకు 600 సార్లు నొక్కారనుకోండి. సగటున గంటకు 60 డాలర్లు పోతాయి. మోసం చేయకుండానే క్యాసినోకి అంత వస్తుంటే, మోసం చేసేవాణ్ణి వెతికి పట్టుకోవడానికి ఖర్చు పెట్టడం వాళ్ళకి బరువేమీ కాదు.

పాతరోజుల్లో ఎలా మోసం చేసేవాళ్ళు?

మన రైల్వే స్టేషన్లలో రంగురంగుల బల్బుల బరువు మిషన్ గుర్తుందా? మా వీధిలో ఒకడు నాణేనికి దారం కట్టి అందులో వేసి, మళ్ళీ పైకి లాగి, టికెట్ మాత్రం తీసుకుంటానని పందెం కాశాడు. దారం తెగింది, నాణెం లోపలే పోయింది. వాడి బరువు మాత్రం కార్డు మీద అచ్చయి వచ్చింది. ఇదే యుక్తి స్లాట్ మిషన్ల మీద దశాబ్దాల పాటు నడిచింది. దారం కట్టిన నాణెం, నాణెం సైజులో చెక్కిన సీసం బిళ్ళ, వంచిన ఇనప తీగ.

ఈ విద్యలో పెద్ద పేరు టామీ గ్లెన్ కార్మైకేల్‌ది. ఓక్లహామా రాష్ట్రంలోని టల్సాలో టీవీలు రిపేరు చేసుకునేవాడు. 1980లో ఒక స్నేహితుడు షాపుకొచ్చి, మిషన్‌ని ఏమార్చే చిన్న సాధనం ఒకటి చూపించాడు. టీవీ బల్లమీద అది పనిచేయడం చూశాక అతనికి రిపేర్ల మీద మనసు పోయింది. వేగస్ వెళ్ళి అయిదు సెంట్ల మిషన్ మీద మొదటిసారి 35 డాలర్లు రాబట్టాడు. 1985 జులై 4న, అమెరికా స్వాతంత్ర్య దినాన, ఒక రెస్టారెంట్‌లో ఆడుతూ దొరికిపోయాడు. అయిదేళ్ళ శిక్ష పడింది.

బయటికొచ్చేసరికి మిషన్లు మారిపోయాయి. ఇతను వదల్లేదు. ఒక మిషన్ కొనుక్కుని ఇంట్లో విప్పి కూర్చున్నాడు. కొత్తరకం వచ్చినప్పుడు కొనే పార్టీలాగా షోరూమ్‌కి వెళ్తే, అక్కడి ఇంజినీరే మూత తీసి లోపలి భాగాలు చూపించాడట. నాణేలు లెక్కపెట్టే కాంతి సెన్సర్ ఎక్కడుందో కళ్ళారా చూసి వచ్చాడు. ఆ సెన్సర్ కళ్ళు కప్పే చిన్న లైటు ఒకటి తయారుచేసి, మంచి ఊపులో ఉన్నప్పుడు రోజుకు వేల డాలర్లు తీశాడు. 1996 నుంచి 1999 మధ్య మళ్ళీ మళ్ళీ అరెస్టయ్యాడు. 2001లో కోర్టు అప్పటికే జైల్లో గడిపిన 326 రోజులను శిక్షగా లెక్కగట్టి, మూడేళ్ళ ప్రొబేషన్ ఇచ్చి, క్యాసినోల వైపు వెళ్ళొద్దంది. తర్వాత తనలాంటివాళ్ళను అడ్డుకునే పరికరం తయారీ మీద పడ్డాడు. 2019లో పోయాడు.

నాకు అతని కథలో చిత్రంగా అనిపించేది తెలివి కాదు, ఓపిక. అంత ఓపికతో టీవీ షాపు నడిపినా బాగానే ఉండేవాడేమో.

దొంగ నాణేలు చేసినవాడికి ప్రభుత్వమే డబ్బిచ్చిందంటారు, నిజమా?

నిజమే. రోడ్ ఐలండ్‌కి చెందిన లూయిస్ కొలావెకియో నగల తయారీ తెలిసినవాడు. నాణేల బదులు మిషన్లో వేసే క్యాసినో టోకెన్లకు (బిళ్ళలకు) అచ్చులు చేసుకుని, అసలు టోకెన్‌కూ తనదానికీ తేడా తెలియనట్టు కొట్టాడు. పట్టుబడింది టోకెన్ నాసిరకం కాబట్టి కాదు. క్యాసినోవాళ్ళు తమ గోదాములో లెక్కపెట్టుకుంటే, తాము చేయించినదానికంటే ఎక్కువ టోకెన్లు తేలాయి! 1996లో అరెస్టయ్యాడు. జైలుశిక్ష అనుభవించాక, నీ అచ్చులు అంతకాలం అరగకుండా ఎలా ఉన్నాయో చెప్పమని ప్రభుత్వం 18,000 డాలర్లిచ్చి సలహా తీసుకుంది.

కథ అక్కడ ఆగితే బాగుండేది. డెబ్బై దాటాక నకిలీ వంద డాలర్ల నోట్లు కొట్టి మళ్ళీ జైలుకెళ్ళాడు.

లోపలివాళ్ళే మోసం చేస్తే ఎవరు పట్టుకుంటారు?

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. రొనాల్డ్ డేల్ హ్యారిస్ విషయంలో ఈశ్వరుడి పని ఒక మామూలు గుర్తింపు కార్డు చేసింది.

హ్యారిస్ నెవాడా గేమింగ్ కంట్రోల్ బోర్డులో ఉద్యోగి. మిషన్ల ప్రోగ్రాములు సక్రమంగా ఉన్నాయో లేదో చూడటం అతని పని. కంచే చేను మేసినట్టు, తనిఖీకి వెళ్ళిన మిషన్లలోనే తన కోడ్ ఎక్కించాడు. నాణేలు ఒక వరసలో వేస్తే ఆ మిషన్ డబ్బు కక్కేలా చేశాడు. అది చాలక, కీనో అనే అంకెల ఆట ఏ అంకెలు తీయబోతుందో ముందే లెక్కగట్టే ప్రోగ్రాం రాసుకున్నాడు.

1995 జనవరిలో న్యూజెర్సీలోని అట్లాంటిక్ సిటీ. హ్యారిస్ హోటల్ గదిలో ఉన్నాడు, అతని స్నేహితుడు కింద క్యాసినోలో కీనో ఆడుతున్నాడు. ఎనిమిదికి ఎనిమిది అంకెలూ తగిలాయి. బహుమతి లక్ష డాలర్లు. ఆ క్యాసినోలో కీనోకి అంత మొత్తం రావడం ఎప్పుడూ జరగని పని. సిబ్బంది పరిగెత్తుకొచ్చారు. లక్ష డాలర్లు గెలిచిన మనిషి ఎగరలేదు, అరవలేదు, కనీసం నవ్వలేదు. కార్డు చూపించమంటే దగ్గర లేదన్నాడు. న్యూజెర్సీలో అంత పెద్ద మొత్తం ఇచ్చేముందు అధికారులు విచారించాలి. వాళ్ళు గదికి వెళ్ళేసరికి కంప్యూటర్, కాగితాలు దొరికాయి, హ్యారిస్ దొరకలేదు. వేగస్‌లో విమానం దిగాక దొరికాడు.

ఏడేళ్ళ శిక్ష వేశారు, రెండేళ్ళకు బయటికొచ్చాడు. నెవాడా క్యాసినోల్లోకి అడుగుపెట్టకూడనివాళ్ళ జాబితాలో పేరు ఎక్కింది. ఆ జాబితా మొదలైంది 1960లో, పదకొండు పేర్లతో. జనం దాన్ని ‘బ్లాక్ బుక్’ అంటారు. అందులో పేరుండి లోపలికి వెళ్తే అదే ఒక నేరం, ఏమీ ఆడకపోయినా సరే.

ఫోన్‌తో మిషన్‌ని ఓడించారని విన్నాను.

ఇది నిజంగా జరిగింది. 2009లో రష్యా చాలా ప్రాంతాల్లో క్యాసినోలు మూసేసింది. పాత మిషన్లు చవగ్గా అమ్ముడుపోయాయి. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కొందరు వాటిని విప్పి, కొన్ని మోడళ్ళలో అంకెలు పుట్టించే పద్ధతి నిజమైన యాదృచ్ఛికం కాదని కనిపెట్టారు. ఆ పద్ధతి తెలిస్తే, కొన్ని ఆటలు గమనించాక తర్వాతి అంకె ఎప్పుడు వస్తుందో చెప్పొచ్చు.

2014 జూన్‌లో అమెరికాలోని సెయింట్ లూయిస్ క్యాసినోలో లెక్కలు చూసేవాళ్ళకి ఒక విషయం నచ్చలేదు. కొన్ని పాత మిషన్లు రెండురోజులుగా తీసుకున్నదానికంటే ఎక్కువ ఇచ్చాయి, కానీ ఎవరికీ పెద్ద జాక్‌పాట్ తగల్లేదు. కెమెరా రికార్డింగు వెనక్కి తిప్పారు. ముప్పైల్లో ఉన్న ఒక మనిషి. ఒక చెయ్యి ఫోన్ మీద. రెండో చేతి వేలు బటన్ పైన గాల్లో ఆగి ఉంది. ఆగి ఉంది... ఆగి ఉంది... ఉన్నట్టుండి టక్కున నొక్కాడు. మామూలుగా స్లాట్ ఆడేవాడు అలా ఆగడు, టకటకా కొట్టుకుంటూ పోతాడు. ముందు కొన్ని ఆటలు ఫోన్‌తో రికార్డు చేసి రష్యాకి పంపితే, అక్కడినుంచి లెక్క వస్తుంది. నొక్కాల్సిన క్షణానికి పావు సెకను ముందు ఫోన్ వణుకుతుంది. రెండురోజుల్లో 21,000 డాలర్లు తీశాడు.

అప్పటికి తప్పించుకుని వెళ్ళిపోయాడు. డిసెంబరులో తిరిగొచ్చి దొరికాడు. అతనితో కలిపి ముగ్గురు రష్యన్లకు తలా రెండేళ్ళ ఫెడరల్ జైలు, ఆ తర్వాత దేశ బహిష్కరణ. 2016లో ఇదే పని సింగపూర్‌లో చేసినవాళ్ళకూ జైలే. లెక్కకట్టి పంపినవాడు మాత్రం తన ఊళ్ళోనే ఉన్నాడు. ఇలాంటి పనుల్లో ఎప్పుడూ ఇంతే, వేలు పెట్టినవాడే దొరుకుతాడు.

మిషన్‌లోనే తప్పుంటే, దాన్ని వాడుకోవడం కూడా మోసమా?

అన్నిటికంటే గట్టి ప్రశ్న ఇదే, కోర్టులకు కూడా తేలిగ్గా తెగలేదు.

2009లో జాన్ కేన్ అనే వీడియో పోకర్ ఆటగాడు ఒక మోడల్‌లో లోపం కనిపెట్టాడు. బటన్లను ఒక వరసలో నొక్కితే, ఎప్పుడో చిన్న పందెం మీద గెలిచినదాన్ని పెద్ద పందెం రేటుకు మళ్ళీ ఇప్పించుకోవచ్చు. అతనూ అతని స్నేహితుడు ఆండ్రే నెస్టర్ కలిసి దాన్ని పిండుకున్నారు. కేన్ ఒక్కడే అయిదు లక్షల డాలర్ల పైన గెలిచాడు. అరెస్టులు, ఫెడరల్ కేసు. కంప్యూటర్ హ్యాకింగ్ చట్టం కింద కూడా అభియోగం పెట్టారు. “అందరికీ పెట్టిన బటన్లే నొక్కాం, ఇంకేమీ చేయలేదు” అన్నది వాళ్ళ వాదన. 2013లో హ్యాకింగ్ అభియోగం పోయింది, అదే ఏడాది చివర్లో ప్రభుత్వం మిగతా కేసునూ వదులుకుంది.

గెలిచారు కదా అనకండి. నాలుగేళ్ళు లాయర్లు, బెయిలు, ఊరు దాటడానికి అనుమతులు. ఇద్దరి స్నేహం కూడా మధ్యలోనే చెడింది.

దీనికంటే ముందు, 1989లో, పిడి లాగడంలోనే నేర్పు చూపించి గెలిచిన వ్యక్తి కేసు నెవాడా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. మిషన్‌లో ఏ మార్పూ చేయకుండా, పిడిని ఒక పద్ధతిలో లాగడం మోసం కిందకి రాదని కోర్టు తేల్చింది. కాబట్టి గీత ఎక్కడుందంటే: మిషన్‌నో, ఆట ఫలితాన్నో మార్చడం, పరికరం వాడటం మోసం. ఉన్నదాన్ని ఉన్నట్టు ఆడటం సాధారణంగా కాదు. ఆ గీత మీద నిలబడి నేను ఏ పక్కనున్నానో చెప్పమనడానికి మాత్రం లాయరు కావాలి, లాయరుకి డబ్బు కావాలి.

బ్లాక్‌జాక్‌లో పేకముక్కలు లెక్కపెట్టడం నేరమా?

బుర్రతో లెక్కపెడితే నేరం కాదు. కానీ నెవాడా క్యాసినో మిమ్మల్ని బయటికి పొమ్మనొచ్చు. న్యూజెర్సీలో 1982 కోర్టు తీర్పు ప్రకారం అలా పంపడానికి వీల్లేదు. ఫోన్‌తోనో ఇంకే పరికరంతోనో లెక్కపెడితే నెవాడాలో అది నేరమే.

ఇంతకీ ఎలా పట్టుకుంటారు? కెమెరాతోనేనా?

అందరూ పైన నల్లటి గోళాల వైపే చూస్తారు. అసలు కాపలా లెక్కల గదిలో ఉంటుంది. ఎంత డబ్బు పడింది, ఎంత బయటికొచ్చింది, తలుపు ఎప్పుడు తెరుచుకుంది, అన్నీ ప్రతి మిషనూ రాసుకుంటుంది. ఏ మిషన్ ఎంత మిగల్చాలో ముందే తెలుసు కాబట్టి, లెక్క పక్కకి జరిగితే మర్నాటికల్లా ఎవరో ఒకరు రికార్డింగు వెనక్కి తిప్పుతారు. పైన చెప్పిన కథలు మళ్ళీ చూడండి. టోకెన్లవాడు గోదాము లెక్కలో దొరికాడు, రష్యన్లు అకౌంట్లలో, హ్యారిస్ డబ్బు తీసుకునే కౌంటర్ దగ్గర.

డబ్బు చేతికి తీసుకోవడమే అందరికీ గండం. అమెరికాలో స్లాట్ మీద ఒక పరిమితి దాటి గెలిస్తే (చాలా ఏళ్ళు ఇది 1,200 డాలర్లు) మిషన్ ఆగిపోతుంది, మనిషొచ్చి పన్ను కాగితం మీద పేరు రాసుకునే దాకా కదలదు. చాలా పెద్ద జాక్‌పాట్ అయితే చెల్లించే ముందు మిషన్ తెరిచి చిప్‌ను తనిఖీ చేస్తారు.

దొరికిన ఆ రాత్రి ఏం జరుగుతుంది?

సినిమాల్లో చూపించే సుత్తి, చీకటి గది ఇప్పుడు లేవు. సూట్ వేసుకున్న ఇద్దరు వచ్చి “సార్, ఒక్క నిమిషం ఇలా రండి” అంటారు, అంతే. గట్టి అనుమానం ఉంటే సమంజసమైనంత సేపు ఆపి ఉంచడానికి నెవాడా చట్టం క్యాసినోకి అధికారం ఇస్తుంది. తర్వాత కంట్రోల్ బోర్డు ఏజెంట్లు వస్తారు. వాళ్ళకి పోలీసుల అధికారాలుంటాయి. గెలిచిన డబ్బు ఆగిపోతుంది, ఫోన్ సాక్ష్యంగా వెళ్ళిపోతుంది, మీరు కౌంటీ జైలుకు.

మీరు నిజంగా ఏ తప్పూ చేయకుండా అనుమానంలో ఇరుక్కున్నా సరే: పరిగెత్తొద్దు, అబద్ధం చెప్పొద్దు, “లాయరుతో మాట్లాడాక చెప్తాను” అనండి. అది మీ హక్కు. భారత పౌరులైతే మన కాన్సులేట్‌కు తెలియజేయమని అడగొచ్చు. టెన్షన్‌లో అన్నీ వివరించి ఒప్పించాలనుకోవడమే చాలామంది చేసే పొరపాటు.

శిక్ష ఎంత పడుతుంది?

నెవాడాలో క్యాసినో మోసం ‘బి’ తరగతి ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం. ఒకటి నుంచి ఆరేళ్ళ జైలు, లేదా 10,000 డాలర్ల దాకా జరిమానా, లేదా రెండూ. ప్రయత్నించి విఫలమైనా అదే శిక్ష. అయిదు డాలర్లు తీశారా, అయిదువేలా అన్నదానితో సంబంధం లేదు. బ్రిటన్‌లో 2005 నాటి గ్యాంబ్లింగ్ చట్టం ప్రకారం మోసానికి గరిష్ఠంగా రెండేళ్ళు. అక్కడ కూడా గెలిచారా లేదా అన్నది ముఖ్యం కాదు.

మావాడు ఎఫ్‌-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నాడు. వీసాకి ఏమవుతుంది?

జైలుకంటే ఎక్కువ భయపడాల్సింది దీనికే. మోసం, దొంగతనం లాంటివి అమెరికా వలస చట్టంలో ‘నైతిక పతనం ఉన్న నేరాలు’ అనే పద్దులోకి వస్తాయి. దేశంలో అడుగుపెట్టిన అయిదేళ్ళలోపు, ఏడాదో అంతకంటే ఎక్కువో శిక్షకు వీలున్న అలాంటి నేరం చేసినట్టు తేలితే దేశం నుంచి పంపేయొచ్చు. జడ్జి జైలు వేయకుండా వదిలేసినా సరే, ఎందుకంటే చూసేది వేసిన శిక్షని కాదు, వేయగలిగిన శిక్షని. నష్టం 10,000 డాలర్లు దాటిన మోసమైతే మరీ తీవ్రమైన పద్దులో పడుతుంది. అక్కడినుంచి బయటపడే దారులు దాదాపు మూసుకుపోతాయి.

“తప్పు ఒప్పేసుకో, జరిమానాతో పోతుంది” అని ఎవరైనా అంటే ఒప్పుకునే ముందు ఇమిగ్రేషన్ లాయరును అడగాలి. నేరం ఒప్పుకుంటే దేశ బహిష్కరణ ముప్పు ఉందని డిఫెన్స్ లాయరు ముందే చెప్పి తీరాలని 2010లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. తర్వాత ఎప్పుడు వీసాకి దరఖాస్తు పెట్టినా “ఎప్పుడైనా అరెస్టయ్యారా?” అన్న ప్రశ్న ఉంటుంది. కేసు కొట్టేసినా దానికి జవాబు ‘అవును’ అనే రాయాలి.

ఇంకో ముక్క. ఇరవై ఒక్క ఏళ్ళు నిండనివాడు వేరేవాడి కార్డుతో లోపలికెళ్ళి జాక్‌పాట్ కొట్టినా డబ్బు ఇవ్వరు. 1987లో వేగస్‌లో పంతొమ్మిదేళ్ళ కుర్రాడికి పది లక్షల డాలర్ల పైచిలుకు తగిలింది. వయసు బయటపడి ఒక్క డాలరూ రాలేదు, కోర్టుకెళ్ళినా లాభం లేకపోయింది.

ఎవరో మిషన్‌లో వదిలేసిన టికెట్ తీసుకుంటే?

37 సెంట్ల టికెట్ ఒకటి నేనూ చూశాను, మనసు లాగింది. తీసుకోకండి. అది మీది కాదు. క్యాసినోలు దీన్ని దొంగతనంగానే చూస్తాయి, కనీసం బయటికి పంపించి మళ్ళీ రావద్దంటాయి.

గోవాలో దొరికితే?

గోవాలో 1992 సవరణతో అయిదు నక్షత్రాల హోటళ్ళలో స్లాట్ మిషన్లకు, తర్వాత నీటిమీద క్యాసినోలకు దారి తెరుచుకుంది. పడవ మీద మోసం చేసినా కేసు ఒడ్డునే. మోసగించి ఆస్తి రాబట్టడానికి భారతీయ న్యాయ సంహిత 318 సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా జైలు పడొచ్చు. 2024 జులై దాకా మన నోట్లో నానిన 420 ఇదే. మిషన్ సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్తే ఐటీ చట్టం 66వ సెక్షన్ కూడా తోడవుతుంది, దానికి మూడేళ్ళ దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా.

ఆంధ్ర, తెలంగాణల్లో?

రెండుచోట్లా చట్టబద్ధమైన క్యాసినో లేదు. రెండు రాష్ట్రాలకూ మూలం 1974 నాటి గేమింగ్ చట్టమే. ఆన్‌లైన్ జూదాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో అందులోకి తెచ్చి నిషేధించాయి. నైపుణ్యం ఉన్న ఆటగా రమ్మీకి సుప్రీంకోర్టు 1968లో మినహాయింపు ఇచ్చింది సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులోనే. కానీ నొక్కితే తిరిగే మిషన్‌లో నైపుణ్యం ఏముంది?

కాబట్టి సందులో ఎవరో దొంగచాటుగా పెట్టిన మిషన్ మిమ్మల్ని మోసం చేసిందనుకోండి, మీది దొంగకు తేలు కుట్టినట్టే. పందెం ఒప్పందాలు చెల్లవని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ చెబుతోంది. డబ్బు రాబట్టమని కోర్టుకు వెళ్ళలేరు, ఆడినందుకు మీ మీదే కేసు.

మిషన్లే మనల్ని మోసం చేయవా?

చేశాయి. 1980ల చివర్లో వేగస్‌లో ఒక కంపెనీ వీడియో పోకర్ మిషన్లలో అన్నిటికంటే పెద్ద గెలుపు రాకుండా ప్రోగ్రాం మార్చిందని బయటపడింది. కంపెనీ లైసెన్సు పోయింది. ఆ ప్రోగ్రాం రాసి, సాక్ష్యం చెప్పాల్సిన మనిషి 1990లో హత్యకు గురయ్యాడు. శకుని పాచికలు మన కథలోనివే కాబట్టి దీనికి ఆశ్చర్యపోం.

చట్టబద్ధంగా కూడా ఇంకో దెబ్బ ఉంది. ‘మిషన్ పాడైతే చెల్లింపులు రద్దు’ అని ప్రతి మిషన్ మీదా చిన్న అక్షరాల్లో ఉంటుంది. 2016లో న్యూయార్క్‌లో ఒక మహిళకు తెరమీద దాదాపు 4.3 కోట్ల డాలర్లు కనిపించాయి. ఫోన్‌తో ఫొటో కూడా తీసుకుంది. మిషన్ పాడైందని చెప్పి, ఆమెకు నిజంగా రావాల్సిన 2 డాలర్ల 25 సెంట్లు, ఒక భోజనం ఇస్తామన్నారు.

టెలిగ్రామ్‌లో ‘ప్రిడిక్టర్’ యాప్ అమ్ముతున్నారు. పనిచేస్తుందా?

పనిచేయదు. ఆన్‌లైన్ ఆటల ఫలితం మీ ఫోన్‌లో తయారవదు, వాళ్ళ సర్వర్‌లో తయారవుతుంది. మీ ఫోన్‌లోని యాప్ దాన్ని ముందే చూడలేదు. అమ్మేవాడి దగ్గర నిజంగా ఆ విద్య ఉంటే 999 రూపాయలకు మీకెందుకు ఇస్తాడు? వీడియోలో చూపించే గెలుపు డెమో ఖాతాది. యాప్‌తోపాటు ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి కూడా అడుగుతుంది, అక్కడితో మీ ఓటీపీలు వాళ్ళవి.

ఆట నడిపేవాళ్ళ సంగతికొస్తే, 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రకారం డబ్బు ఆటలు నడిపితే మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటన చేస్తే రెండేళ్ళు, యాభై లక్షలు. అది హీరో అయినా, యూట్యూబర్ అయినా. ఆ చట్టంలో ఆడినవాడికి శిక్ష లేదు, కానీ రాష్ట్రాల చట్టాలు వేరు.

ఇప్పటికే డబ్బు కట్టేశాం. ఏం చేయాలి?

వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే, డబ్బు ఇంకో ఖాతాకు జారేలోపు ఆపే అవకాశం అంత ఎక్కువ. చాట్ డిలీట్ చేయకండి. లావాదేవీ నంబరు, యూపీఐ ఐడీ, స్క్రీన్‌షాట్లు దాచుకోండి. బ్యాంకుకు చెప్పి, యాప్ తీసేసి, పాస్‌వర్డులు ఇంకో ఫోన్ నుంచి మార్చండి. రెండుమూడు రోజుల తర్వాత “మీ డబ్బు వెనక్కి ఇప్పిస్తాం, ప్రాసెసింగ్ ఫీజు రెండువేలు” అని ఒకడు ఫోన్ చేస్తాడు. వాడూ ఆ ముఠావాడే.